మలుపు దగ్గర హార్స్‌పవర్ ఏం చేయగలదు?

"ఘాట్ రోడ్డైనా రేస్ ట్రాకైనా చివరికి ముందుండేది ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న బండే. నైపుణ్యం అనేది పెద్ద ఇంజిన్ కొనలేనివాళ్లు చెప్పుకునే మాట." ఈ మధ్య చాలామంది షేర్ చేస్తున్న మాట ఇది. దీనికి ఆధారంగా నాలుగు వాదనలు కూడా జత చేస్తున్నారు. కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన కుర్రాళ్లు దీన్ని నమ్మి బండ్లు ఎంచుకుంటున్నారు, మలుపుల్లోకి దూసుకెళ్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే ఒక్కో వాదనా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"ల్యాప్ రికార్డులన్నీ ఎక్కువ పవర్ ఉన్న కార్లవే."

అన్నీ కావు. జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫే ట్రాక్‌లో ఒక ల్యాప్, అంటే ఒక పూర్తి చుట్టు, 20.8 కిలోమీటర్లు. 510 హార్స్‌పవర్ ఉన్న పోర్షే 911 జీటీ3 దాన్ని 2021లో 6 నిమిషాల 59.9 సెకన్లలో పూర్తి చేసింది. వెయ్యి హార్స్‌పవర్ దాటిన టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌కు 2023లో అదే దూరం 7 నిమిషాల 25.2 సెకన్లు పట్టింది. పవర్ రెట్టింపు, అయినా 25 సెకన్లు వెనక. టెస్లా బరువు రెండు టన్నులు దాటుతుంది, పోర్షే దాదాపు టన్నున్నర లోపే. పైగా పోర్షే ఒంటి మీది రెక్కలు గాలితోనే కారును రోడ్డుకేసి అదిమి, టైర్లకు పట్టు పెంచుతాయి.

అయితే ఇది కారుకీ కారుకీ పోలిక. డ్రైవర్ వల్ల వచ్చే తేడా తెలియాలంటే కారును అలాగే ఉంచి మనిషిని మార్చాలి. 2004లో ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమంలో ఇదే చేశారు. దాని వ్యాఖ్యాత జెరెమీ క్లార్క్‌సన్ డీజిల్ జాగ్వార్ కారుతో ఇదే ట్రాక్ మీద బాగా సాధన చేసి 9 నిమిషాల 59 సెకన్లలో ల్యాప్ పూర్తి చేశారు. అదే జాగ్వార్‌ను జర్మన్ రేస్ డ్రైవర్ సబీన్ ష్మిట్జ్ 9 నిమిషాల 12 సెకన్లలో తిప్పారు. ఇంజిన్ అదే, తేడా 47 సెకన్లు. ఆ తర్వాత ఆమె సరుకులు మోసే ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాన్‌ను 10 నిమిషాల 8 సెకన్లలో తిప్పారు. క్లార్క్‌సన్ జాగ్వార్ సమయానికి 9 సెకన్లే ఎక్కువ!

"మలుపులో పోయిన టైమ్‌ను పవర్ ఉంటే స్ట్రెయిట్‌లో లాగేయొచ్చు."

స్ట్రెయిట్ అంటే మలుపుల మధ్య తిన్నగా సాగే రోడ్డు. నాలుగింటిలో కాస్త బలం ఉన్న వాదన ఇదే. కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

30 మీటర్ల అర్ధవ్యాసం ఉన్న మలుపు అనుకోండి. పొడి రోడ్డు మీద మంచి టైరు గ్రిప్‌ను (బండి బరువుతో పోలిస్తే టైర్లు రోడ్డును పట్టుకునే బలం) 0.9గా తీసుకుంటే, ఆ మలుపులో పట్టు తప్పకుండా వెళ్లగలిగే వేగం గంటకు దాదాపు 58 కిలోమీటర్లు. వర్షం పడి గ్రిప్ 0.5కి దిగితే అది 44 అవుతుంది. ఈ లెక్కలో ఉన్నవి గ్రిప్, అర్ధవ్యాసం, భూమ్యాకర్షణ మాత్రమే. ఇంజిన్ ఊసే లేదు. 80 హార్స్‌పవర్ కారైనా 500 హార్స్‌పవర్ కారైనా అవే టైర్లు వేస్తే హద్దు ఇంచుమించు అక్కడే.

మరి డ్రైవర్ చేసేదేమిటి? ఆ హద్దుకు ఎంత దగ్గరగా వెళ్లాలో నిర్ణయించేది డ్రైవరే. బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా, యాక్సిలరేటర్ తొక్కినా టైరు తన దగ్గరున్న ఒకే గ్రిప్‌లోంచి పంచి ఇవ్వాలి. బ్రేకుకు మొత్తం వాడేస్తే తిరగడానికి ఏమీ మిగలదు, బండి తిన్నగా బయటికి పోతుంది. చేయి తిరిగిన డ్రైవర్ స్టీరింగ్ తిప్పుతున్నకొద్దీ బ్రేకు మెల్లగా వదులుతాడు. ట్రాక్ వెడల్పంతా వాడుకుని వంపును సాఫీ చేస్తాడు. 30 మీటర్ల అర్ధవ్యాసం 36 అయిందంటే, 58 ఉన్న వేగం 64కు పెరుగుతుంది.

ఇప్పుడు స్ట్రెయిట్ సంగతి. మలుపు తర్వాత 200 మీటర్ల స్ట్రెయిట్ ఉందనుకుందాం. ఇద్దరి కార్లూ ఒకేలా వేగం పుంజుకుంటున్నాయి, గడిచే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 3 మీటర్ల చొప్పున పెరుగుతోంది. ఒకరు 58తో బయటపడ్డారు, మరొకరు 64తో. రెండోవారు దాదాపు 0.3 సెకను ముందే ఆ చివరికి చేరతారు. దాన్ని పవర్‌తో పూడ్చాలంటే, గాలి నిరోధాన్ని వదిలేసినా, మొదటి కారుకు దాదాపు 15-16 శాతం ఎక్కువ పికప్ కావాలి. అదీ ఒక్క మలుపుకే. మలుపు నుంచి ఎంత వేగంతో బయటపడ్డామన్నది ఆ స్ట్రెయిట్ పొడవునా లెక్కకొస్తూనే ఉంటుంది.

స్ట్రెయిట్ పొడవైతే కథ మారుతుంది, అది ఒప్పుకోవాలి. 1961 ఫార్ములా వన్ సీజన్‌లో ఫెరారీలకు బ్రిటిష్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ నడిపిన లోటస్ కారు కంటే సుమారు 30 హార్స్‌పవర్ ఎక్కువ. బెల్జియంలోని వేగంగా సాగే స్పా ట్రాక్‌లో ఫెరారీలు మొదటి నాలుగు స్థానాలూ తీసుకున్నాయి. ఇరుకైన మొనాకోలో మాత్రం మాస్ 100 ల్యాప్‌ల తర్వాత 3.6 సెకన్ల తేడాతో వాటిని ఓడించాడు. ఎన్నో మలుపులున్న న్యూర్‌బర్గ్‌రింగ్‌లోనూ ఆ ఏడాది అతనే గెలిచాడు. ఇద్దరు సమాన డ్రైవర్లకు మిగతా అన్నీ సమానంగా ఉన్న కార్లిస్తే పవర్ ఉన్నదే గెలుస్తుంది. కానీ షేర్ అవుతున్న మాట అది కాదు. మలుపులు ఎన్ని ఉన్నా, నడిపేది ఎవరైనా పవరే గెలుస్తుందని అది చెబుతోంది. అది తప్పు.

"ఇప్పుడు ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నాయి, డ్రైవర్ చేసేదేమీ లేదు."

ఏబీఎస్ బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఏం చేస్తుందో ఒక్కసారి ఆలోచించండి. చక్రం జారబోతుంటే ఇంజిన్ పవర్ తగ్గిస్తుంది. అంటే మీరు డబ్బు పోసి కొన్న హార్స్‌పవర్‌ను ఆ మలుపులో టైరు మోయలేకపోతోందని కంప్యూటరే చెబుతోంది. ఇవి ప్రాణాలు కాపాడే పరికరాలు, వాటిని ఆఫ్ చేయమని నేను ఎవరికీ చెప్పను. కానీ 58 హద్దున్న మలుపులోకి 80తో దిగినవాడికి కొత్త గ్రిప్ పుట్టించి ఇవ్వడం వాటివల్ల కాదు.

"ముందు పెద్ద ఇంజిన్ కొనండి, నైపుణ్యం దానంతట అదే వస్తుంది."

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది. పవర్ తప్పులను దాచేస్తుంది. మలుపులో వెళ్లాల్సిన లైన్ (దారి) తప్పి నెమ్మదిగా బయటపడినా యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఉరుకుతుంది, దాంతో బాగానే నడిపాననిపిస్తుంది. చిన్న ఇంజిన్‌లో అలా కుదరదు. పోగొట్టుకున్న వేగం తర్వాతి మలుపు దాకా తిరిగి రాదు, తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలిసిపోతుంది. పవర్ వల్ల బ్రేకుల మీదా భారం పెరుగుతుంది. గంటకు 100 బదులు 140 మీద మలుపు దగ్గరికొస్తే పూర్తిగా ఆగడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. ఘాట్ దిగుతున్నప్పుడైతే ఇంజిన్ పవర్‌తో పనే ఉండదు. బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గకుండా తక్కువ గేరులో దిగాలని తెలిసినవారే క్షేమంగా కిందికి చేరతారు.

ఇంకో మాట. పైన చెప్పిన హద్దులు ట్రాక్ కోసం. మామూలు రోడ్డు మీద మలుపు అవతల లారీ ఉండొచ్చు, కంకర ఉండొచ్చు. అక్కడ సొంత లేన్ దాటి వంపు సాఫీ చేసుకోకూడదు. కళ్లకు కనిపిస్తున్నంత దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్, ట్రాక్ మీద పక్కన కూర్చుని నేర్పే శిక్షకుడు. నా వరస ఇది. అవన్నీ అయ్యాక ఇంకా డబ్బు మిగిలితే అప్పుడు హార్స్‌పవర్ సంగతి చూడండి.