బెలెంకోకు బాకీ పడిన పతకం

యుద్ధవిమానాన్ని మెరుగుపరచాలంటే ప్రయోగశాలలు, నిధులు, నిపుణుల సంఘాలు కావాలని నమ్మేవారు మిగ్-25 చరిత్రను శ్రద్ధగా చదవలేదని చెప్పక తప్పదు. శత్రు విమానాలను దారిలోనే అడ్డగించే ఆ ఇంటర్‌సెప్టర్ ఆధునికీకరణ ఘనత డిజైన్ బ్యూరోది కాదు, 1976 సెప్టెంబర్ 6న దానిలోనే జపాన్‌కు పారిపోయిన సోవియట్ పైలట్, లెఫ్టినెంట్ విక్టర్ బెలెంకోది. ఆయన ఛాతీ మీద సోవియట్ అత్యున్నత పతకం ఆర్డర్ ఆఫ్ లెనిన్ తగిలించకపోవడం సోవియట్ ప్రభుత్వం చేసిన ఘోరమైన పొరపాటు. ఆయన 2023లో అమెరికాలో కన్నుమూశారు కనుక ఇక మరణానంతర పురస్కారమే గతి.

అసలు ఆ విమానం పుట్టుకే ఒక విశేషం. ధ్వని కంటే మూడు రెట్ల వేగంతో దూసుకుపోయే బి-70 వాల్కైరీ బాంబర్‌ను అమెరికా తలపెట్టింది. దాన్ని దారిలోనే అడ్డగించాలని మాస్కోలో మికోయాన్ బృందం నడుం కట్టింది. 1961లో కెనడీ ఆ బాంబర్ల దళం ఆలోచనను విరమించి, నమూనాలతో సరిపెట్టమన్నారు. అయితే పెళ్లి తప్పిపోయినంత మాత్రాన పందిరి పని ఆపడం బాధ్యత గల ప్రభుత్వాల లక్షణం కాదు. 1964లో మిగ్-25 నమూనా గాలిలోకి లేచింది. 1967లో మాస్కో దగ్గరి దొమొదెదొవొ వైమానిక ప్రదర్శనలో దాని విశాలమైన రెక్కలను చూసిన అమెరికా నిపుణులు, ఇది గాలిలో గిరగిరా తిరగగల మహా యోధ అని నిశ్చయించుకుని, అప్పటికే ఆలోచనలో ఉన్న ఎఫ్-15 యుద్ధవిమానం మీద పట్టుదల పెంచారు. రాని బాంబర్‌కు ఒకరు విమానం కట్టారు, ఆ విమానానికి లేని గుణాలను చూసి మరొకరు ఇంకో విమానం కట్టారు.

ఈ అపోహలన్నిటినీ బెలెంకో ఒక్క ప్రయాణంతో తీర్చారు. హకొదాతే పౌర విమానాశ్రయంలో రన్‌వే చాలక విమానం చివర దాటిపోయి ఆగిన తర్వాత, నిపుణులు దాన్ని భాగాలుగా విప్పి చూశారు. టైటానియం అనుకున్న శరీరం చాలావరకు నికెల్ కలిసిన ఉక్కు. ఆ రెక్కల వైశాల్యం విన్యాసాలకు కాదు, ఉక్కు బరువు మోయడానికి. ఎలక్ట్రానిక్స్‌లో ట్రాన్సిస్టర్ల స్థానంలో మన తాతల రేడియోల్లో ఎర్రగా వెలిగే వాల్వులు కనిపించాయి. చూసి నవ్వినవారు ఉన్నారు గానీ, ఆ వాల్వుల బలంతోనే రాడార్ సుమారు 600 కిలోవాట్ల శక్తిని వెదజల్లి, శత్రువు పంపే అడ్డు సంకేతాలను తోసుకుపోగలిగేదని గ్రహించాక ఆ నవ్వు కొంత తగ్గి ఉండాలి. ఎలక్ట్రానిక్స్‌ను చల్లబరచడానికి ఆ విమానం ఆల్కహాల్ కూడా మోసేది. అందులో ఆకాశంలో ఆవిరైనదెంతో, నేల మీద సిబ్బంది గొంతుల్లో ఆవిరైనదెంతో ఆడిట్ జరిగినట్టు లేదు. (మన వైమానిక దళం ఈ వంశానికి చెందిన నిఘా విమానానికి గరుడ అని పేరు పెట్టుకుంది. అమృతభాండాన్ని మోసిన పక్షి పేరు ఇంతకంటే సార్థకమయ్యే చోటు నాకు తోచడం లేదు.)

రహస్యాలన్నీ ప్రత్యర్థి బల్ల మీద పరచి ఉన్నాయని తెలిసిన తర్వాత మాస్కోలో ఫైళ్లకు రెక్కలొచ్చాయి. కిందుగా ఎగిరే లక్ష్యాలను కూడా చూడగల కొత్త రాడార్, వేడిని పసిగట్టే పరికరం అమర్చిన మిగ్-25పీడీ 1978 నాటికి ఉత్పత్తిలోకి వచ్చింది. పాతవాటిని కూడా కర్మాగారాలకు రప్పించి ఆ ప్రకారం మార్చారు. ఇంజనీర్ల విన్నపాలకు ఇంతటి వేగం ఎప్పుడైనా అబ్బిందా? జపాన్ ఆ విమానాన్ని దాదాపు 30 పెట్టెల్లో సర్ది తిరిగి పంపుతూ, ప్యాకింగ్‌కూ విమానాశ్రయ నష్టానికీ 40,000 డాలర్ల బిల్లు కూడా జతచేసింది. ఒక వైమానిక రక్షణ దళం మొత్తానికి కళ్లు తెరిపించిన సలహాకు ఆ రుసుము కారుచౌక. మిగ్-25 వారసుడైన మిగ్-31 నమూనా మాత్రం ఈ పరారీకి ఏడాది ముందే ఎగిరింది కనుక, పతకం ప్రశంసాపత్రంలో దాని ప్రస్తావన చేర్చకూడదని నిజాయతీగా మనవి చేస్తున్నాను.

ఇక ఆ వాల్కైరీ సంగతి. తయారైన రెండింటిలో ఒకటి 1966లో కూలిపోగా, మిగిలినది ఒహాయోలోని డేటన్‌లో అమెరికా వైమానిక దళ మ్యూజియంలో ఉంది. 2003లో ఇరాక్‌లోని అల్ తకద్దుమ్ స్థావరం దగ్గర ఇసుకలో పాతిపెట్టిన మిగ్-25 ఒకటి బయటపడింది. అమెరికన్లు దాన్ని తవ్వి తీసి, రవాణా విమానంలో ఎక్కించి, చివరకు అదే మ్యూజియానికి చేర్చారు. మిగ్-25 తన లక్ష్యాన్ని చేరుకుంది. ప్రయాణ ఖర్చులు శత్రువే భరించాడు.