బ్యాంకాక్ మనకు బాకీ

మన వంటలు కాపీ కొట్టినందుకు బ్యాంకాక్ మనకు బాకీ ఉంది. ఎంతో ఇంకా లెక్క తేలలేదు గానీ, అక్కడి చైనాటౌన్‌లో యావరాట్ రోడ్డు మీద మూడు రాత్రులు నిలబడి తిని మరీ సేకరించిన ఆధారాలు నా దగ్గరున్నాయి. మూడో రాత్రి ఆధారాలు కడుపులో నిలవలేదు, అది వేరే సంగతి.

ముందు ఊరి పేరు చూడండి. అక్కడివాళ్లు క్రుంగ్ థెప్ మహానఖోన్ అంటారు. దేవతల మహానగరం. పూర్తి పేరు చదివితే ఇంద్రుడు, విశ్వకర్మ, అయోధ్య అందరూ వస్తారు, మన పెళ్లి శుభలేఖలో కూడా అంత జాబితా ఉండదు.

అసలు సాక్ష్యం సోమ్ తమ్. తోపుడుబండి మీద మట్టి రోలు, కర్ర రోకలి. వెల్లుల్లి, మిరపకాయలు నలగ్గొట్టి, బెల్లం, నిమ్మరసం, వేరుశనగలు, ఎండు రొయ్యలు, నామ్ ప్లా అనే చేపల ఊట, దాంట్లో పచ్చి బొప్పాయి తురుము వేసి ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో దంచుతారు. సోమ్ అంటే పులుపు, తమ్ అంటే దంచడం. దీన్నేమంటారో మీ అమ్మమ్మని అడగండి, రోటి పచ్చడి అంటుంది.

నాతో వచ్చిన బావమరిది, "బావా, మిరపకాయా బొప్పాయీ రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే, మనకైనా వాళ్లకైనా" అన్నాడు. ఇలాంటివాళ్ల వల్లే జాతి వెనకబడింది.

ఖావ్ కేంగ్ షాపుల సంగతి ఇంకా ఘోరం. వండుకునే ఓపిక లేని ఆఫీసు జనం సాయంత్రం కూరలు ప్లాస్టిక్ కవర్లో పోయించుకుని, రబ్బర్ బ్యాండ్ వేయించుకుని ఇంటికి పట్టుకుపోతారు. అచ్చంగా మన కర్రీ పాయింటే! ఎప్పుడు కాపీ కొట్టారని అడక్కండి, కాపీ కొట్టినవాడు తేదీ వేస్తాడా? వాళ్ల మ్యాంగో స్టికీ రైస్ కూడా అంతే, మామిడిపండు పెరుగన్నంలో నంజుకునే మనల్ని చూసి పెరుగు బదులు కొబ్బరిపాలు పోశారు, అంతే తేడా.

వాళ్లకిది అలవాటే. 1939లో సయాం పేరు మార్చి థాయ్‌లాండ్ చేసిన ఫిబున్ ప్రభుత్వం, చైనా నుంచి వచ్చిన నూడుల్స్‌ని పాడ్ థాయ్ అని దేశమంతా ప్రచారం చేసి జాతీయ వంటకం చేసేసింది. మనం ఇలాంటి పని ఎన్నడూ చెయ్యలేదు. (ఈ ముక్క ఇరానీ చాయ్ తాగుతూ రాస్తున్నాను.)

చివరి రోజు ఈ బాకీ విషయం బండి ఆవిడతోనే తేల్చుకుందామని వెళ్లాను. అక్కడ అందరూ ఆవిడని "పా" అని పిలుస్తారు, మన పెద్దమ్మ అన్నట్టు. "ఫెట్ మై?" అంది, కారం కావాలా అని. గుంటూరు వాడిని అడిగే ప్రశ్నేనా అది? రెండు చేతుల వేళ్లూ చూపించి పది వెయ్యమన్నాను. ఆవిడ నా మొహం ఒకసారి చూసి నాలుగే వేసింది. ఫ్రిక్ ఖీ ను అంటారు వాటిని, ఎలక పెంట మిరపకాయలని అర్థం. సైజు చూసి నవ్వాను.

రెండో ముద్దకి చెవుల్లో ఏదో మోత మొదలైంది. బాకీ మాట ఎత్తుదామంటే నోరు పెగల్లేదు. పెద్దమ్మ పచ్చి క్యాబేజీ ముక్క చేతిలో పెట్టి నమలమని సైగ చేసింది, బావమరిది ఫోన్లో వీడియో తీస్తున్నాడు. నేను 100 బాత్‌ల నోటు బండి మీద పెట్టి, చిల్లర కూడా తీసుకోకుండా హోటల్‌కి పరుగెత్తాను.

అంచేత లెక్క ఇప్పటికి తేలింది: బ్యాంకాక్ మనకు 50 బాత్‌లు బాకీ.