అత్యంత సంతృప్తి

నర్సింగ్ విద్యార్థినులకు ఆసుపత్రి శిక్షణలో అందుతున్న పర్యవేక్షణ దివ్యంగా ఉన్నదని గుంటూరులోని ఒక కళాశాల, విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ తనిఖీకి ముందే కాగితం మీద తేల్చేసింది. 'మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?' అని అడిగే ఆ ఫారంలో పేరు రాయనక్కరలేదు, రోల్ నంబరు రాస్తే చాలు. దాన్ని పంచేదీ, నింపుతుండగా వెనుక నిలబడేదీ, ఇంటర్నల్ మార్కులు వేసేదీ ఆ పర్యవేక్షకురాలే కనుక అందరూ 'అత్యంత సంతృప్తి' గడిలోనే టిక్కు పెట్టారు.

పర్యవేక్షణ జరగడం లేదని ఎవరనగలరు? పొద్దున్నే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ వార్డు గుమ్మంలో పిల్లలను వరుసగా నిలబెట్టి ముడి, ఏప్రాన్, బూట్ల పాలిష్, గోళ్లు పరిశీలిస్తారు. ఆషాఢమాసంలో గోరింటాకు పెట్టుకున్న పిల్ల దొరికిందంటే ఆనాటి పాఠం అదే. చేతుల పరిశుభ్రత మీద ఆమె అనర్గళంగా ప్రసంగిస్తుండగా, లోపల మూడో మంచం మీద సెలైన్ సీసా ఖాళీ అయి గొట్టంలోకి రక్తం ఎక్కుతూ ఉంటుంది. ప్రసంగం ముగిశాక, స్థలమూ సమయమూ ముద్రపడే ఫొటో ఒకటి తీసుకుని ఆమె రికార్డులు దిద్దడానికి వెళతారు. పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క; ఫొటోలో లెక్క సరిపోయింది. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ హాజరు 100 శాతం ఉండాలన్న నిబంధన విద్యార్థినికే గాని మేడమ్‌కు కాదు.

ఆ తరువాత రెండో సంవత్సరం పిల్ల, జీవితంలో మొదటిసారి కాన్యులా (నరంలోకి సెలైన్ ఎక్కించడానికి గుచ్చే సన్నని గొట్టం) పట్టుకుని, పల్నాడు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చేతిలో నరం వెతుకుతుంది. దొరకదు. చేయి ఉబ్బుతుంది. 'పర్లేదు తల్లీ, ఇంకోసారి గుచ్చు' అని ఆ ముసలమ్మే ధైర్యం చెబుతుంది. నరం ఉబ్బడానికి చేతికి బిగించే టూర్నికే పట్టీ ఎక్కడ కట్టాలో, చర్మం ఎలా లాగిపట్టాలో, సూది ఎంత వాలుగా దించాలో పక్కన నిలబడి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పేద మనిషి చేయి ఊరికే దొరికిందనా ఈ నిర్లక్ష్యం? నెలాఖరున మాత్రం మేడమ్, పిల్లలు చేసిన పనులు రాసుకునే లాగ్ బుక్కులన్నీ గుట్టగా పోసుకుని, తాను చూడని ప్రతి సూదికీ 'పర్యవేక్షించాను' అని కూర్చున్న చోటే సంతకాలు పెడతారు. ఇది పచ్చి అబద్ధం, పైగా రోగి ఒంటి మీద ఆడుతున్న అబద్ధం.

నిజానికి ఆ మేడమ్ కూడా నిన్నమొన్నటి దాకా ఆ వరుసలో నిలబడిన పిల్లే. వార్డులో ఉండవలసిన గంటల్లో ఆమెకు అడ్మిషన్ల పని, తనిఖీ ఫైళ్ల పని అంటగట్టింది యాజమాన్యం. ఆ పెద్దమనుషులను ఒక పూట మూడో మంచం మీద పడుకోబెట్టి, తాము పర్యవేక్షణ లేకుండా తయారుచేసిన విద్యార్థినికి తమ చేయి చాపమనాలి.