శాటిలైట్‌కి ఐదు నిమిషాల పనట!

మా ఇంటి గ్రూపులో ఎప్పటినుంచో తిరుగుతున్న ఫార్వర్డ్ ఒకటుంది. ఎక్కడ చిన్న విమానం కనపడకుండా పోయినా ఎవరో ఒకరు దాన్ని దులిపి మళ్లీ పెడతారు. ఈసారి మా బాబాయ్ వంతు. అందులో ఉన్నది ఇదీ: "2007లో అమెరికా కోటీశ్వరుడు స్టీవ్ ఫాసెట్ నెవాడా ఎడారిలో విమానంతో సహా మాయమయ్యాడు. ఎడారి అంటే చెట్టూ చేమా లేని బోడి నేల. కారు నంబరు ప్లేటు కూడా చదివే శాటిలైట్లున్న దేశానికి అక్కడ విమానం వెతకడం ఐదు నిమిషాల పని. బ్లాక్ బాక్స్ సిగ్నల్ ఇస్తుంది, ఫోన్ టవర్ చెబుతుంది. అయినా ఏడాదిదాకా దొరకలేదట. వేరే విమానాలు దొరికాయి గానీ ఇదొక్కటే దొరకలేదట. చివరికి దారినపోయే ఎవడికో ఆయన కార్డులు దొరికాయట. అర్థం చేసుకోండి, ఆయన బతికే ఉన్నాడు."

"అది నిజం కాదు బాబాయ్" అని ఒక్క ముక్క రాస్తే "అయితే ఏది నిజమో నువ్వే చెప్పరా" అన్నారు. బొటనవేళ్లతో ఫోన్‌లో కొట్టే జవాబు కాదిది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు జరిగిన సంగతి. ఫాసెట్ 2002లో బెలూన్‌లో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి. 2005లో ఎక్కడా దిగకుండా, మధ్యలో ఇంధనం నింపుకోకుండా ఒక్కడే విమానంలో భూమిని చుట్టాడు. అలాంటివాడు 2007 సెప్టెంబరు 3 ఉదయం నెవాడాలోని ఫ్లయింగ్ ఎం రాంచ్ నుంచి రెండు సీట్ల సూపర్ డెకాథ్లాన్ విమానంలో కాసేపు తిరిగొద్దామని లేచాడు. మధ్యాహ్నానికి తిరిగి రావాలి, రాలేదు. అలాంటి చిన్న షికారుకు ఫ్లయిట్ ప్లాన్ ఇవ్వాలన్న నిబంధన లేదు, ఆయన ఇవ్వలేదు. ఎటు వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. అక్టోబరు 2న గాలింపు ఆపేశారు. 2008 ఫిబ్రవరిలో కోర్టు ఆయన చనిపోయినట్టు ప్రకటించింది. సెప్టెంబరు 29న కొండల్లో నడుస్తున్న ఒకాయనకు ఫాసెట్ కార్డులు దొరికాయి. రెండు రోజులకే శకలాలూ దొరికాయి.

ఫార్వర్డ్‌లో మొదటి తప్పు మొదటి వాక్యంలోనే ఉంది. విమానం దొరికింది నెవాడాలో కాదు. రాంచ్‌కి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కాలిఫోర్నియాలోని మామత్ లేక్స్ ఊరి పక్కన, సియెర్రా నెవాడా పర్వతాల్లో దొరికింది. దాదాపు 10,000 అడుగుల ఎత్తు. రాయి, పైన్ చెట్లు, చలికాలమంతా మంచు. అందరూ "ఎడారి, ఎడారి" అంటున్నది ఆ మనిషి బయల్దేరిన చోటిని చూసి.

పోనీ నెవాడా అయినా బోడి మైదానమా? కాదు. ఆ ఒక్క రాష్ట్రంలో 300కు పైగా పర్వతశ్రేణులున్నాయి. ఒక కొండల వరస, ఒక లోయ, మళ్లీ కొండల వరస. అలా చీర కుచ్చిళ్లలా ఉంటుంది నేల. మధ్యలో లోతైన ఇరుకు లోయలు. పొద్దున ఎండ పడిన గోడ సాయంత్రానికి నీడలో ఉంటుంది. నీడలో ఉన్న తెల్ల ముక్క పైనుంచి బూడిదరంగు రాయిలా కనిపిస్తుంది.

వెతికే విమానంలో కిటికీ పక్కన కూర్చున్న మనిషి స్థానంలో ఉండి చూడండి. విమానం గంటకు 165 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం, అంటే సెకనుకు 45 మీటర్లు. కింద ఒక చోటు కంటికి బాగా ఆనేది ఓ అర కిలోమీటరు ప్రయాణంలో. అంటే పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లలోనే వందల రాళ్లు, పొదలు, పాత రేకులు, తుప్పుపట్టిన బకెట్లు. గంట గడిచేసరికి కళ్లు మంటలు, కొండగాలి కుదుపులకు కడుపులో తిప్పడం. ఇలా సివిల్ ఎయిర్ పెట్రోల్ (అమెరికా వాయుసేనకు తోడ్పడే పౌర సంస్థ) వలంటీర్లూ నేషనల్ గార్డూ కలిసి జల్లెడపట్టిన విస్తీర్ణం దాదాపు 50,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సుమారు సగం.

ఇక శాటిలైట్ల మాట. నంబరు ప్లేటు దగ్గరే మొదలెడదాం. మన కారు ప్లేటు పొడవు అర మీటరు. డబ్బిచ్చి కొనగలిగిన మంచి శాటిలైట్ ఫొటోలో ఇప్పటికీ ఒక్కో చుక్క (పిక్సెల్) అంటే నేల మీద 30 సెంటీమీటర్లు. అంటే ప్లేటు మొత్తం రెండు చుక్కలకు రాదు, ఇంక అందులో అంకెలు ఎక్కడ? గూఢచారి శాటిలైట్లు అంతకంటే మేలే అనుకోండి, అయినా వందల కిలోమీటర్ల ఎత్తునుంచి అక్షరాలు చదవడం అద్దాలకు, కాంతికి ఉన్న హద్దుల వల్లే కుదరదు. అన్నిటికీ మించి, ప్లేటు నిలువుగా ఉంటుంది బాబాయ్. శాటిలైట్ చూసేది పైనుంచి.

అసలు ఫార్వర్డ్ రాసినవాళ్లకు తెలియని సంగతేమిటంటే, ఫాసెట్ కోసం శాటిలైట్లు వాడారు. ఊరికే వాడటం కాదు, కొత్త ఫొటోలు తీయించి, ముక్కలు చేసి, అమెజాన్ మెకానికల్ టర్క్ అనే వేదిక ద్వారా జనానికి పంచారు. 50,000 మంది దాకా ఇళ్లలో కూర్చుని చూశారు. ఒక్కో ముక్క నేల మీద 85 మీటర్ల చదరం. అందులో విమానం ఉంటే పొడవు 21 చుక్కలు, రెక్కల వెడల్పు 30 చుక్కలు ఉంటుందని వాళ్లకు ముందే చెప్పారు. 30 చుక్కలంటే ఎంత? ఫోన్ తెర వెడల్పులో 1080 చుక్కలున్నాయనుకుంటే, రెండు మిల్లీమీటర్లు. ఓ ఆవగింజ. ఆ ఆవగింజ కూడా విమానం చెక్కుచెదరకుండా దిగి ఉంటేనే. ఈ విమానం ఒళ్లు ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పి చేసింది. కొండను ఢీకొని కాలిపోయాక రెక్కలూ లేవు, ఆకారమూ లేదు. జనాన్ని ఏ బొమ్మ కోసం వెతకమన్నారో ఆ బొమ్మే లోకంలో లేదు.

50,000 చదరపు కిలోమీటర్లను 85 మీటర్ల చదరాలుగా కోస్తే 70 లక్షల ముక్కలొస్తాయి. ఒక్కోదానికి పది సెకన్లు పెట్టినా, ఒక మనిషికి నిద్ర లేకుండా రెండేళ్లకు పైనే. "అంతమంది ఉన్నారుగా" అనొచ్చు. నిజమే, చూడటం పెద్ద పని కాదు. కష్టమంతా ఆ తర్వాతే. "ఇక్కడేదో తెల్లగా ఉంది" అని వేలమంది చెబుతారు. ప్రతి తెల్ల మచ్చ మీదకీ ఎవరో ఒకరు విమానం తీసుకుని వెళ్లి చూడాలి. ఆ ప్రయత్నం వల్ల ఒరిగిందేమీ లేకపోగా సమయమూ శక్తీ అందులోకి పోయాయని సివిల్ ఎయిర్ పెట్రోల్ తరఫున మాట్లాడినవారే తర్వాత ఒప్పుకున్నారు. ఇందులో జనం తప్పేమీ లేదు, వాళ్ల మనసు మంచిదే.

బ్లాక్ బాక్స్ ముక్కకి ఎక్కువ టైమ్ అక్కర్లేదు. ఇలాంటి రెండు సీట్ల విమానాలకు బ్లాక్ బాక్స్ ఉండాలన్న నిబంధనే లేదు. పెద్ద విమానాల్లో ఉండే బ్లాక్ బాక్స్‌కైనా టిక్ టిక్‌మని శబ్దం పంపే పరికరం నీళ్లలో తడిస్తేనే పనిచేస్తుంది. పొడినేల మీద అది నోరు విప్పదు.

చిన్న విమానాల్లో ఉండేది వేరే, ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్. దెబ్బ తగిలితే దానంతటదే సిగ్నల్ పంపాలి. పంపాలి అనేదే ఇక్కడ మెలిక. యాంటెన్నా విరిగితే పోతుంది, మంటలొస్తే పోతుంది, నిటారు గోడల లోయలో పడితే ఆకాశం సరిగా కనపడదు. ఫాసెట్ విమానం నుంచి ఏ సిగ్నలూ ఎవరికీ అందలేదు. ఆ రోజుల్లో చాలా చిన్న విమానాల్లో 121.5 మెగాహెర్ట్జ్ పాత రకం ఉండేవి. శాటిలైట్లు వాటిని వినడం 2009 ఫిబ్రవరి 1తో మానేశాయి. ఇప్పుడు 406 మెగాహెర్ట్జ్ డిజిటల్ రకం, అది ఎవరి విమానమో కూడా చెబుతుంది. మన ప్రాంతం సిగ్నళ్లు బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరతాయి. ఇది ఉంటే గాలింపు గంటల్లో తేలిపోవచ్చు. ఫోన్ విషయంలోనూ అంతే. టవర్ ఉంటే, ఫోన్ ఆన్‌లో ఉంటే, బ్యాటరీ ఉంటే. సియెర్రా శిఖరాల మీద మొదటి "ఉంటే" దగ్గరే ఆగిపోతాం.

"వేరే విమానాలు దొరికాయి గానీ ఇది దొరకలేదు" అన్న వాక్యం నిజానికి ఫార్వర్డ్ వాదనకే ఎదురు తిరుగుతుంది. అవును, ఫాసెట్ కోసం వెతుకుతుంటే అంతకుముందు గుర్తించని పాత శకలాలు అర డజనైనా బయటపడ్డాయి. ఎన్నో ఏళ్లనాటివి. ఎడారిలో ఐదు నిమిషాల్లో విమానం కనపడేదే అయితే అవన్నీ అన్నేళ్లు ఎవరి కంటా పడకుండా ఎలా ఉన్నాయి? ఎవరు దాచారు, ఎందుకు దాచారు?

ఇక కార్డులు. పైలట్ లైసెన్సు, కొంత డబ్బు, ఓ ఏడాది తర్వాత. "ఎవరో తెచ్చిపెట్టారు" అనిపించడం సహజమే, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ వరసగా చూడండి. కార్డులు దొరికిన చోటి చుట్టూ వెతికితే దగ్గర్లోనే ఇంజనుతో సహా శకలాలు దొరికాయి. నెల తిరిగేలోపు అక్కడికి అర మైలు దూరంలో ఎముకలు, జంతువులు కొరికిన ఆయన బూట్లు దొరికాయి. డీఎన్ఏ పరీక్ష ఆ ఎముకలు ఆయనవేనని తేల్చింది. కొండజంతువులు లాక్కెళ్లినవి చెల్లాచెదురుగానే పడి ఉంటాయి. ఒక్క కార్డుముక్క తెచ్చి పడేయొచ్చు గానీ, కాలిన విమానాన్ని 10,000 అడుగుల కొండ మీదకి ఎవరు మోస్తారు? ప్రమాదాల దర్యాప్తు సంస్థ 2009లో చెప్పిన కారణంలో మిస్టరీ ఏమీ లేదు. కొండ దాటి కిందికి దూకే గాలి విమానాన్ని అణిచేసింది. ఎత్తున గాలి పలచన, ఇంజనుకు సత్తువ తగ్గుతుంది. గాలి కిందికి తోసే వేగం విమానం పైకెక్కగల వేగాన్ని మించింది. ప్రపంచం చుట్టివచ్చిన పైలటైనా దాని ముందు ఒకటే.

అసలు చిక్కు ఎక్కడ వెతకాలో తెలియకపోవడం. అది చాలావరకు తెలిసినా ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2009 సెప్టెంబరు 2న రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ బయల్దేరిన చోటు తెలుసు, వెళ్లే చోటు తెలుసు, దారి తెలుసు. ఒక ముఖ్యమంత్రి కోసం వాయుసేన దిగింది, సుఖోయ్‌లు ఎగిరాయి, ఊళ్లకు ఊళ్లు అడవిలోకి నడిచాయి. అయినా పావురాలగుట్ట మీద ఆ శకలాలు కనపడింది మర్నాడు పొద్దున్నే. ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్న వాళ్లెవరైనా "శాటిలైట్‌కి ఐదు నిమిషాల పని" అంటారా?

దిక్కే తప్పితే ఇంకా ఘోరం. 1943 ఏప్రిల్‌లో లిబియా తీరంలోని తమ స్థావరాన్ని రాత్రిపూట దాటేసి, తెలియక ఎడారి లోపలికి 700 కిలోమీటర్లు వెళ్లిపోయింది అమెరికా బాంబర్ 'లేడీ బీ గుడ్'. అది సముద్రంలో పడిందనుకుని వెతికారు. తొమ్మిది మంది ఎడారిలో చనిపోయారు. చమురు అన్వేషణ బృందానికి 1958లో గానీ ఆ విమానం కనపడలేదు. బాంబరంత పెద్దది, చదునైన ఇసుక మీద, పదిహేనేళ్లు.

అదే 1933లో బిల్ లాంకాస్టర్ అనే బ్రిటిష్ పైలట్ సహారాలో కూలి, విమానం దగ్గరే ఎనిమిది రోజులు బతికాడు. రెక్కల గుడ్డ చింపి, పెట్రోల్‌లో ముంచి, రాత్రుళ్లు వెలిగించాడు. ఎవరూ రాలేదు. 1962లో ఫ్రెంచ్ సైనికులకు శవమూ డైరీ కలిసి దొరికాయి.

నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం 'కూకబరా' అనే చిన్న విమానం కథ. 1929లో ఆస్ట్రేలియాలో పేరున్న పైలట్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ విమానం తప్పిపోతే, దాన్ని వెతకడానికి కీత్ ఆండర్సన్, బాబ్ హిచ్‌కాక్ అనే ఇద్దరు అందులో వెళ్లారు. తనామి ఎడారిలో దిగాల్సి వచ్చింది. మళ్లీ లేవడానికి పొదలు కాల్చి దారి చేసుకోవాలని చూశారు, కుదరలేదు. విమానం తోక చుక్కాని గుడ్డ మీద డైరీ రాసుకుంటూ దాహంతో చనిపోయారు. వాళ్లు వెతకబోయిన కింగ్స్‌ఫర్డ్ స్మిత్ ఆ లోపే క్షేమంగా దొరికాడు. లెస్టర్ బ్రెయిన్ అనే పైలట్ ఏప్రిల్ 21న దూరంగా పొగ చూసి అటు మళ్లితే కింద కూకబరా కనపడింది. తర్వాత గుర్రాల మీద ఓ బృందం అక్కడికి చేరింది, శవాలను పాతిపెట్టింది. విమానాన్ని అక్కడే వదిలేశారు. పైనుంచి చూశారు, నడిచి చేరారు, చేత్తో తాకారు. అయినా ఆ చోటు మళ్లీ పోయింది. 1961లో ఒక సర్వేయర్‌కి అనుకోకుండా తగిలింది, మళ్లీ చేజారింది. చివరికి 1978లో డిక్ స్మిత్ అనే ఆస్ట్రేలియా వ్యాపారి పనిగట్టుకుని వెతికి పట్టుకున్నాడు. తుప్పుపట్టిన గొట్టాలు, కొన్ని రేకులు. ఇప్పుడవి అలీస్ స్ప్రింగ్స్‌లో ఉన్నాయి.