కీబోర్డు లేదు, ఎఫ్ వన్ నొక్కండి

ముందుగా బయోస్ రాసిన మహానుభావులందరికీ సాష్టాంగ నమస్కారం. కంప్యూటర్ ఆన్ అవగానే, విండోసో లైనక్సో ఇంకా కళ్ళు తెరవకముందే, ఒళ్ళంతా తడిమి చూసుకునే ఆ చిన్న ప్రోగ్రాముకి కీబోర్డు కనపడకపోతే ఎక్కడిదక్కడ ఆగిపోయి తెర మీద ఒక ముక్క రాస్తుంది. కీబోర్డు దొరకలేదు, కొనసాగాలంటే ఎఫ్ వన్ నొక్కండి. చదివారుగా, ఇంకోసారి చదవండి. చనిపోయిన పెన్షనర్లు స్వయంగా వచ్చి సంతకం పెట్టవలెను అని ట్రెజరీ ఆఫీసు బయట బోర్డు పెడితే ఫొటో తీసి గ్రూపులన్నిట్లో తిప్పి పారేస్తాం, అదే మాట మదర్‌బోర్డు అంటే మాత్రం డిగ్రీలు చదివినవాళ్ళమంతా తలూపి కీబోర్డు వెతుక్కుంటూ బయల్దేరతాం.

న్యాయంగా చెప్పాలంటే పుట్టినప్పుడు ఆ మాటకి అర్థం ఉంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు టేబుల్ మీద పెట్టె, పెట్టె మీద మానిటరు, ముందు కీబోర్డు, దాని ముందు కుర్చీలో ఒక మనిషి. వైరు ఊడితే అది 301 అని నంబరు చూపించేది, ఆయన వంగి వైరు గుచ్చి మళ్ళీ ఆన్ చేసుకునేవాడు. ఆగి మనిషిని పిలవడం అప్పట్లో మర్యాద. తర్వాత ఆ పెట్టె వెళ్ళి ర్యాకులో, స్టోర్ రూములో, మెట్ల కింద కూర్చుంది, మానిటరు పోయింది, కీబోర్డు పోయింది, కుర్చీతో సహా మనిషీ పోయాడు. బయోస్‌కి మాత్రం ఆ కబురు ఎవరూ చెప్పలేదు.

చెప్పే దారి ఉంది లెండి. బయోస్ సెట్టింగుల తెరలో, అంటే సెటప్‌లో, హాల్ట్ ఆన్ అని, ఏ తప్పుకి ఆగాలో చెప్పే ఒక లైను ఉంటుంది, దాన్ని నో ఎర్రర్స్ అనో ఆల్ బట్ కీబోర్డ్ అనో మార్చేస్తే కీబోర్డు లేకపోయినా నోరు మూసుకుని బూట్ అవుతుంది. మార్చడానికి ఏం కావాలయ్యా అంటే, మానిటరూ కీబోర్డూ. సరే, కొన్న రోజే ఒకసారి తగిలించి మార్చేశాం, కొబ్బరికాయ కొట్టేశాం, పెట్టె మూసేశాం. ఇప్పుడు ఆ సెట్టింగు ఎవరి దయ మీద బతుకుతోంది? చాలా బోర్డుల్లో ఒక బిళ్ళ సెల్లు దయ మీద, సీఆర్ 2032, మూడు వోల్టులు, ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. ఇందులో అసలు మోసం ఏంటంటే ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఆ సెల్లు చచ్చిందో బతికుందో ఎవడికీ తెలీదు, ఎందుకంటే స్టాండ్‌బై పవరే ఆ సెట్టింగుల్ని మోస్తుంటుంది. సెల్లు ఎప్పుడో పోయుంటుంది, పోయిన సంగతి బయటపడేది కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసినప్పుడే, అంటే మన విశాఖలో టీవీవాళ్ళు బంగాళాఖాతంలో వాయుగుండం అని మొదలెట్టినప్పుడే. కరెంటొస్తుంది, బోర్డు లేస్తుంది, సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్ అంటుంది, అంటే మీరు పెట్టినవన్నీ మర్చిపోయాను, ఫ్యాక్టరీ సెట్టింగులే పెట్టుకున్నాను అని. డిఫాల్ట్ అంటే ఏ తప్పు కనపడినా ఆగు. ఇంకా కొన్ని బోర్డుల్లో అయితే కరెంటు తిరిగొచ్చినా లేవకు, ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా పడుకో. గడియారం కూడా ఎప్పటి తేదీకో వెళ్ళిపోతుంది, దాంతో సెక్యూరిటీ సర్టిఫికెట్లన్నీ మేమింకా పుట్టలేదని భీష్మించుకుంటాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది కదా, ఆ తర్వాత అందరూ పాఠం నేర్చుకున్నామన్నారు. జనరేటర్లు కొన్నారు, ఇన్వర్టర్లు కొన్నారు. సెల్లు ఎవరూ కొనలేదు.

వన్‌టౌన్‌లో ఒక క్లియరింగ్ అండ్ ఫార్వర్డింగ్ ఆఫీసుంది, పేరెందుకు లెండి. సర్వరు మెట్ల కింద. పోర్టు వైపు నుంచి బొగ్గు దుమ్ము, సముద్రం నుంచి ఉప్పుగాలి, రెండూ దానికి నిత్య నైవేద్యం. మొన్న వానల్లో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, సర్వరు రాలేదు. దాన్ని చూసుకునే కుర్రాడు కూర్మన్నపాలెంలో రూములో ఉన్నాడు, ఆఫీసులో ఉన్నది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ ఒక్కడు. ఆ ఫోన్ కాల్ రికార్డు ఆ కుర్రాడే నాకు వినిపించాడు, ఇలాంటివి ఆర్కైవ్స్‌లో దాచాలి.

"బాబాయ్, సర్వరు మీద లైట్లు వెలుగుతున్నాయా?"

"ఎలుగుతన్నాయి బాబూ. ఫేను కూడా గిర్రుమంటంది. బాగానే ఉంది మరి."

బాగానే ఉంది. సర్వరు ఆరోగ్యం గురించి బయట నుంచి తెలిసేది అంతే, లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, నెట్‌వర్కులో పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, జవాబు లేదు. లోపల ఏం రాసి కూర్చుందో చూడాలంటే తెర కావాలి. అకౌంట్స్ మేడమ్ టేబుల్ మీద మానిటరు ఉంది, తెచ్చి పెట్టు బాబాయ్ అన్నాడు. మేడమ్ తిడతారు బాబూ అన్నాడాయన. నేను చెప్తాలే అన్నాడు వీడు. మానిటరుకి అతికించిన లక్ష్మీదేవి స్టిక్కరు ఊడకుండా, పసుపు కుంకుమ చెదరకుండా, దాన్ని చంటిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా మెట్ల కిందకి తెచ్చాడు. తెస్తే మానిటరుకున్నది హెచ్‌డీఎంఐ. సర్వర్లకి ఈనాటికీ ఉండేది వీజీఏ, పదిహేను పిన్నులది. "ఈ వైరు పల్చగుంది బాబూ, ఆ కన్నం ఎడల్పుగుంది" అని ఇద్దరు ఇంజనీర్లు పావుగంట తేల్చే విషయం ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. స్టోర్ రూములో విరిగిన కుర్చీకి కట్టేసిన పాత వీజీఏ కేబులు దొరికింది. ఇక కీబోర్డు. దొరికినదానికి గుండ్రటి ఊదారంగు పిన్ను, సర్వరుకేమో యూఎస్‌బీ కన్నాలు తప్ప లేవు. ఎక్స్‌పోర్ట్ సెక్షన్‌కి తాళం, ఆ తాళం చెవి మేనేజరు ఇంట్లో, చివరికి రిసెప్షన్‌లో ఉన్న కంప్యూటరు కీబోర్డు పీకారు.

తెర వచ్చింది. "అన్నీ ఇంగిలీసు ముక్కలు బాబూ." వీడియో కాల్ పెడితే ట్యూబ్‌లైటు వెలుతురు తెర మీద పడి వీడికి ట్యూబ్‌లైటు తప్ప ఏమీ కనపడలేదు. ఒక్కొక్క అక్షరం చదువు బాబాయ్ అంటే ఆయన కళ్ళజోడు తెచ్చుకుని, కే, ఈ, వై, బీ అని మొదలెట్టి రెండో లైనులో ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి వీడికి తెలిసిపోయింది.

"చాలు బాబాయ్, ఎఫ్ వన్ నొక్కు."

"నొక్కాను బాబూ. ఏటీ అవ్వనేదు."

"ఎఫ్ వన్నేనా నొక్కింది?"

"అదే బాబూ. ఎఫ్ నొక్కాను. ఒకటి నొక్కాను."

పైన వరసలో చిన్న బటన్ ఒకటుంటుందని, దాని మీద రెండూ కలిపి రాసుంటాయని చెప్పాక, ఒకే బటనా అని ఆశ్చర్యపోయి, వెతికి, "నొక్కీసాను" అన్నాడు.

"ఏమొచ్చింది?"

"అంతా నీలం అయిపోనాది బాబూ."

ఎందుకంటే ఒక కంపెనీకి ఎఫ్ వన్ అంటే ముందుకి పద, ఇంకో కంపెనీకి ఎఫ్ వన్ అంటే సెటప్‌లోకి దయచెయ్యి, ముందుకి పోవాలంటే ఎఫ్ టూ. ఆ తేడా రాసున్న సగం లైను బాబాయ్ ఇంకా చదవలేదు. ఈలోపు రెండో లైన్లో ఓనరు గారు. "ఏమయ్యా, ఒక్క బటన్ నొక్కడానికి గంటన్నరా?"

మొత్తానికి ఎస్కేప్ అన్నారు, యెస్ అన్నారు, సర్వరు లేచింది. లేచింది కాబట్టి బాబాయ్ ఆనందంగా, బాధ్యత గల మనిషి కాబట్టి, మానిటరు పీకి మేడమ్ టేబుల్ మీద, కీబోర్డు పీకి రిసెప్షన్‌లో, కేబులు మళ్ళీ విరిగిన కుర్చీకి, దేని చోట దాన్ని పెట్టేశాడు. కాసేపటికి కరెంటు మళ్ళీ పోయి వచ్చింది.

బయోస్ ఒక్కటే ఇలా తగలడింది అనుకునేరు, ఈ రోగం పై దాకా ఉంది. లైనక్స్‌కి కెర్నల్ పానిక్, అంటే దాని గుండెకాయే ఆగిపోయేంత తప్పు, వస్తే డిఫాల్ట్‌గా ఏం చేస్తుందో తెలుసా, తెర నిండా చావు వాంగ్మూలం రాసి, ఆ లేని తెర ముందు ఎవరో కూర్చుని చదువుతున్నారన్న భ్రమలో అలాగే ఉండిపోతుంది, రీబూట్ అవ్వదు, పది సెకన్లాగి నువ్వే లెగు అని కెర్నల్ డాట్ పానిక్ అనే సెట్టింగు దగ్గర పది అంకె వేసి మనమే ముందు చెప్పుంచాలి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే డిస్కుల జాబితాలో రాసున్న బ్యాకప్ డిస్కు ఒకటి కనపడలేదనుకోండి, నోఫెయిల్, అంటే ఇది లేకపోయినా ఆగొద్దు, అని పక్కన రాయలేదనుకోండి, తొంభై సెకన్లు దాని కోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది, దూరం నుంచి లోపలికి రావడానికి ఉన్న దారి ఎస్‌ఎస్‌హెచ్ కూడా లేపకుండా. అక్కడ రూట్, అంటే సర్వాధికారాలున్న అకౌంటు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఉబుంటు అనే రకం లైనక్స్ అయితే రూట్ అకౌంట్‌కి ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే తాళం, కాబట్టి రూట్ అకౌంట్ లాక్ అయి ఉంది, కొనసాగడానికి ఎంటర్ నొక్కండి అంటుంది. నొక్కితే కొనసాగుతుందా? మళ్ళీ అదే మాట చెప్తుంది.

పెద్దవాళ్ళకి ఈ ఖర్మ ఉండదనుకుంటాం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మాయమైంది గుర్తుందా, నెట్‌వర్కు వాళ్ళదే వాళ్ళకి అందకుండా పోయింది, ఇలాంటి రోజు కోసమే పెట్టుకున్న దొడ్డిదారి నెట్‌వర్కు కూడా పని చేయలేదు, చివరికి మనుషుల్ని డేటా సెంటర్లకి పంపించారు, వాళ్ళు గేట్లు దాటి లోపలికి పోవడానికే టైం పట్టింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం ఎర్రర్ తెర వేసి ఆగిపోయినప్పుడూ అంతే, చాలావాటి దగ్గరికి ఒక మనిషి నడుచుకుంటూ వెళ్ళి, సేఫ్ మోడ్‌లో లేపి, ఒక్క ఫైలు చేత్తో డిలీట్ చేయాల్సొచ్చింది, డిస్కు లాక్ అయి ఉంటే 48 అంకెల తాళం ముందు కొట్టి.

అయితే మెట్ల కింద పడున్న మన సర్వరుకి మందు లేదా అంటే, మందు దాని కడుపులోనే ఉంది, అదీ నా మంట. సర్వర్ బోర్డు మీద బీఎంసీ అని బుల్లి కంప్యూటరు ఒకటి వేరేగా ఉంటుంది. ప్లగ్గులో కరెంటుంటే చాలు, పెద్దది చచ్చినా అది మెలకువగా ఉంటుంది. దానికి సొంత నెట్‌వర్క్ పోర్టు, సొంత ఐపీ అడ్రసు. ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి 1998లోనే ఐపీఎంఐ అని దీనికి ఒక పద్ధతి రాసి పెట్టారు. కూర్మన్నపాలెంలో మంచం మీద పడుకుని వన్‌టౌన్ సర్వరు తెర చూడొచ్చు, ఎఫ్ వన్ నొక్కొచ్చు, ఆపొచ్చు, లేపొచ్చు. కాకపోతే చాలా కంపెనీలు తెర చూపించే ముక్కకి తాళం వేసి లైసెన్సు విడిగా అమ్ముతాయి. డబ్బు పెట్టి కొన్న పెట్టెలో ఉన్న చిప్పు, మన డబ్బుతోనే వచ్చిన చిప్పు, మన తెర మనకి చూపించడానికి మళ్ళీ డబ్బు. తాళం తీసినా పాత బోర్డుల్లో అది జావా వెబ్ స్టార్ట్ అనే పాత సాఫ్ట్‌వేరు అడుగుతుంది, దాన్ని 2018లో జావా 11తో తీసేశారు, కాబట్టి సపోర్టువాళ్ళు ఒక ముసలి విండోస్ సెవెన్ ల్యాప్‌టాప్‌ని దీని కోసమే పోషిస్తుంటారు.

సరే, లైసెన్సు వద్దు. సీరియల్ పోర్టుంది. 1960 నాటి ఆర్‌ఎస్-232, మూడు తీగలు, సెకనుకి 115200 బిట్ల స్పీడు, బయోస్‌లో కన్సోల్ రీడైరెక్షన్, అంటే తెర మీద రాతని ఆ పోర్టులోంచి బయటికి పంపే సెట్టింగు, ఆన్ చేసి లైనక్స్ లేచేటప్పుడు చదువుకునే కెర్నల్ లైన్లో ఆ పోర్టు పేరు టీటీవైఎస్ జీరో అని ఒక్క ముక్క కలిపి, రెండో చివర రాస్ప్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటరేదైనా పెడితే అయిపోయె. ఇదంతా ఆ కుర్రాడు కాయితం మీద రాసి ఇచ్చాడు. సెల్లుతో సహా. ఆఫీసువాళ్ళు దండగ అన్నారు.

దండగట. అదే రాత్రి రెండోసారి కరెంటు పోయాక ఆ కుర్రాడు రెయిన్‌కోటు వేసుకుని బండి మీద గాజువాక, ఎన్‌ఏడీ, కంచరపాలెం మీదుగా, నీళ్ళలో గుంతలు కనపడక, పక్కన ట్రైలర్ లారీలు బురద కొడుతుంటే, వన్‌టౌన్ దాకా వెళ్ళాడు. ఒక్క బటన్ నొక్కడానికి. వాడి పెట్రోలు ఏ క్వొటేషన్‌లోనూ లేదు, వాడి నిద్ర లేదు, పొద్దున్న తొమ్మిదికి మళ్ళీ వేలిముద్ర వేయాలి, లేటైతే సగం రోజు కోత. లైసెన్సుకి రేటుంది కాబట్టి అది ఖర్చు, వీడి ప్రాణానికి రేటు లేదు కాబట్టి అది పొదుపు! ఏ లారీ కిందో పడుంటే అప్పుడు రాసేవాళ్ళా పద్దు? ఏ ఖాతాలో రాసేవాళ్ళు? యాభై అరవై ఏళ్ళ మనిషిని అర్ధరాత్రి మెట్ల కింద వంగోబెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఏరించి, మళ్ళీ పొద్దున్న మేడమ్ చేత లక్ష్మీదేవి స్టిక్కరు వంకరైందని తిట్టించారు. సిగ్గుండాలి.

వారం తిరక్కుండా రివ్యూ మీటింగు పెట్టారు. ఓనరు గారు ముందు మన విశాఖకి గూగుల్ వస్తోందని, 2025 అక్టోబరు 14న ప్రకటించారని, ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లని, గిగావాట్ లెక్కలో డేటా సెంటర్లని, ఊరు మారిపోతోంది మనం కూడా ఆ స్థాయిలో ఆలోచించాలని చాలాసేపు మాట్లాడారు. ఆ స్థాయిలో ఆలోచించారు కూడా. మెట్ల కింద సర్వరుకి పర్మనెంటుగా ఒక మానిటరు కొంటారట. తెర మీద ఏం పడిందో ఎక్కణ్ణించైనా కనపడేలా ఆ మానిటరు ఎదురుగా గోడకి ఒక సీసీ కెమెరా పెడతారట, నైట్ విజన్‌ది. కీబోర్డు మాట ఎవరూ ఎత్తలేదు. కుర్రాడు చెయ్యెత్తి, మన కెమెరాల సాఫ్ట్‌వేరు నడిచేది ఆ సర్వరు మీదేనండి, అది పడుకుంటే కెమెరాలు కూడా కనపడవు అన్నాడు. ప్రతిదానికీ నెగిటివ్‌గా మాట్లాడకయ్యా అన్నారు. కెమెరా వచ్చేసింది, బిల్లు మీద ఈ కుర్రాడి చేతే సంతకం పెట్టించారు.