వాటర్‌ప్రూఫ్ బిరుదాంకితులైన ప్లైవుడ్ పలక గారికి

మహారాజశ్రీ ప్లైవుడ్ పలక గారికి, అమలాపురం నుంచి ఒక డాబా ఇంటి యజమాని నమస్కరించి వ్రాయునది. తమరు ఉబ్బిపోవడం మినహా ఇక్కడ అందరమూ క్షేమం.

పాత స్లాబు మరో స్లాబు బరువు మోయలేదని ఇంజనీరు తేల్చి చెప్పిన మీదట, డాబాపై ఇనుప చట్రం నిలబెట్టి, నేలకూ గోడలకూ తమరినే బిగించి, తమరి మీద టైల్స్ అతికించి, ఒక గదీ దానికి ఆనుకొని స్నానాలగదీ వేయించుకున్నాను. తమరి వీపు మీది, మెరైన్ ప్లైవుడ్‌కు ఇచ్చే భారత ప్రమాణపు ముద్ర చూపించి, "ఐఎస్ 710 అండి, మూడు రోజులు ఉడకబెట్టినా ఊడదండి" అన్నాడు దుకాణదారు. అతడు అబద్ధమాడలేదు, ఆ పరీక్షలో తమరి ముక్కను 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచుతారు. అయితే ఆ పరీక్ష నెగ్గేది పొరల మధ్యనున్న ఫినాల్ జిగురే గాని తమరు కాదు. కర్ర నీరు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. జిగురు సంపాదించిన బిరుదును తమరు మెడలో వేసుకొని తిరగడం, అల్లుడి ఉద్యోగం చూపించి మామగారు అప్పు తెచ్చుకున్నట్టుంది.

ఆత్రేయపురం పూతరేకులాగా తమరివీ పొరలే. ఒక పొర నిలువు, మరొకటి అడ్డం. ఆ అమరిక వల్లనే పలక సులభంగా వంకర పోదని ఒప్పుకుంటాను. కాని తడి తగిలిన పూతరేకు మెత్తబడి ఊరుకుంటుంది, తమరేమో అంచుల దగ్గర ఉబ్బి నెత్తిమీది టైల్‌ను లేపి కూర్చుంటారు.

గోదావరికి ఎర్రనీరు వచ్చి, డబ్బాలోని అప్పడాలు సైతం మెత్తబడే రోజుల్లో టైల్స్ మేస్త్రిని పిలిపించాను. తాపీ పిడితో ఒక్కొక్క టైల్‌నూ తట్టుకుంటూ వచ్చాడు. గుమ్మం దగ్గర గట్టిగా పలికిన నేల, కుళాయి కిందకు వచ్చేసరికి డొల్లగా మోగింది. గోటితో ఎత్తితే టైల్ చేతిలోకి వచ్చింది. దాని వెనుక సిమెంటు పొడిపొడిగా రాలింది, తమరి మీద మాత్రం ఒక్క రవ్వ కూడా అంటలేదు. "పచ్చి సిమెంటులో నీళ్ళన్నీ ఇదే తాగేసిందండి, ఇంకెక్కడ పట్టుద్దండి" అన్నాడతడు. తమరి దాహం అంత ముందుచూపు గలది.

పలకల మధ్య సందు వదిలితే అందంగా ఉండదని, తమరు ఉబ్బడానికి చోటు లేకుండా దగ్గరగా బిగింపించిన నేరం నాదే.

రెండవసారి గది నేలకు, నడిస్తే ఊగకుండా చట్రంలో అడ్డకమ్మీలు పెంచి, తమరి మీద మరో పొరను కింది అతుకులకు పై అతుకులు కలవకుండా పరిచి, అతుకుల దగ్గర 3 మిల్లీమీటర్లు, గోడ వారన అంతకు రెట్టింపు సందు వదిలి, అంచుల వెంట జానెడులోపే ఒక్కొక్క స్క్రూ తలను లోపలికి దింపి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ పూశాక గాని మేస్త్రి టైల్ ముట్టలేదు. వట్టి సిమెంటు పాలకు బదులు, కర్రకు పనికివస్తుందని సంచి మీద రాసి ఉన్న పాలిమర్ అడ్హెసివ్‌నే కలిపాడు. మూలల్లో, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ వద్దని సాగే సీలెంట్ నింపాడు. స్నానాలగదిలో మాత్రం తమరికి ప్రవేశమే లేదు. అక్కడ సిమెంటు బోర్డు బిగించి, దానిపై నీరు దిగని పూత వేయించాను.

ఇట్లు,
తమరి బిరుదుకు డబ్బు చెల్లించినవాడు

తా.క.: ఊడదీసిన తమరి ముక్కలు రెండు పెరట్లో కోళ్ళగూటికి పైకప్పుగా వేశాము. వాటి మీద ఎవరూ టైల్స్ వేయమనలేదు.