వంద ఆక్టేన్ పెట్రోలు గారికి ఒక మామగారి మనవి

మహారాజశ్రీ 100 ఆక్టేన్ పెట్రోలు గారి దివ్యసముఖమునకు, పాలకొల్లు దగ్గరి ఒక పల్లె నుంచి పాత అంబాసడర్ యజమాని నమస్కరించి చేసుకొను మనవి. ఉభయకుశలోపరి.

ఇక గ్రాంథికం చాలు. నా జేబుకు పడిన చిల్లు ఆ భాషలో మరీ పెద్దదిగా కనిపిస్తోంది.

మొన్న మా అల్లుడు నా కారు తీసుకుని పనిమీద పట్నం వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చించినాడ వంతెన ఎక్కుతుంటే ఇంజనులో ఎవరో గోలీలు వేసి గిలకొట్టినట్టు టకటకమని చప్పుడు వచ్చిందట. అక్కడి బంకులో టాంకు నిండా మిమ్మల్ని పోయించుకుని వచ్చాడు. "మామయ్యగారూ, ఇక మీ బండి గుర్రమే" అన్నాడు. రసీదు చూశాక గుర్రాన్నే కొన్నాడేమో అనిపించింది. కానీ ఏమనగలను? గోదావరి జిల్లాల్లో అల్లుడికి బదులు చెప్పిన మామ చరిత్రలో లేడు. అతణ్ణి అనలేక మీకు రాస్తున్నాను.

మీరు మా ప్రాంతం చూశారు కదా. ఇక్కడ కొండ అంటే కాలువ వంతెన. రోడ్డు మీద సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగం బాతుల మందది. కొబ్బరికాయల ట్రాక్టరు వెనక నాలుగో గేరు పడేలోపు ఊరు వచ్చేస్తుంది. ఇటువంటి చోట గుర్రం ఎటు పరిగెత్తాలి?

ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, అంకె కనిపిస్తే ఊరుకోలేను. మీ 100 ఎక్కడి నుంచి వచ్చిందో చూశాను. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100 మార్కులు, నార్మల్ హెప్టేన్‌కు సున్నా. ఆ రెంటినీ కలిపిన ఏ పాళ్ళతో మీ తీరు సరిపోలితే అదే మీ మార్కు. పరీక్ష దేనిలోనంటే ఓర్పులో. ఎంత నొక్కినా, ఎంత వేడెక్కినా ప్లగ్గు నిప్పు అందేదాకా అంటుకోకుండా ఉండటమే మీ గొప్ప. లీటరుకు లీటరు కొలిస్తే మామూలు పెట్రోలుకు మించిన శక్తి మీలో ఏమంత లేదు. సహనానికి వచ్చిన మార్కులు చూపించి బలానికి ధర వసూలు చేస్తున్నారు. మా బడిలో ఏ పిల్లవాడైనా ఈ పని చేసి ఉంటే తండ్రిని పిలిపించేవాణ్ణి.

మీ వంశం తక్కువదని అనడం లేదు. 1940లో బ్రిటన్ యుద్ధ విమానాలు మీ పూర్వీకుల పుణ్యమా అని ఇంజనులో ఒత్తిడి పెంచుకుని ఎగిరాయి. మీ బంధువర్గంలో ఒక దుష్టుడు కూడా ఉన్నాడు. 1921లో థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే చప్పుడు ఆగుతుందని కనిపెట్టాడు. చప్పుడు ఆగింది, సీసం మాత్రం గాలిలోకీ పిల్లల రక్తంలోకీ చేరింది. మన దేశంలో దాన్ని 2000లో గాని వదిలించుకోలేదు. నా బండి ఆ సీసం రోజుల్లో పుట్టినదే, అందుకే ఈ గొడవ దానికి కొత్త కాదు.

చప్పుడు సంగతి చెబుతాను. పెళ్ళిలో బంతి భోజనాలు చూశారా? వడ్డన ఒక కొస నుంచి మొదలై వరుసగా రావాలి. సిలిండరులో నిప్పురవ్వ పడ్డాక మంట కూడా అలాగే ఒక పక్క నుంచి పాకుతుంది. చివరి కొసన కూర్చున్నవాళ్ళు ఆ ఒత్తిడికీ ఉక్కకూ తాళలేక, వడ్డన అందకుండానే ఒక్కసారి లేచి గిన్నెల మీద పడితే ఏమవుతుంది? అదే నాకింగ్. పిస్టన్ నెత్తిన అదే పనిగా మొట్టికాయలు పడుతుంటే అది ఎన్నాళ్ళు ఆగుతుంది?

మీరు ఆ కొసన కూర్చునే సాధువులు. అందుకే, నిజం ఒప్పుకోవాలి, మీరు రాగానే చప్పుడు ఆగింది. మా అల్లుడు చెప్పింది అబద్ధం కాదు. అయితే బంతిలో అందరినీ సాధువులనే కూర్చోబెట్టే బదులు, వడ్డన ఎందుకంత తొందరగా మొదలైందని అడగాలి కదా. ఆ మాట మా ఊరి మేస్త్రీ అడిగాడు.

"మాస్టారూ, మధ్యలో ఎవరైనా డిస్ట్రిబ్యూటర్ ముట్టుకున్నారా?" (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డబ్బా అది.)

ముట్టుకున్నారు. ఆర్నెల్ల కిందట వేరే చోట ట్యూనింగ్‌కు ఇచ్చి "కాస్త పికప్ కావాలి" అన్నది నేనే. పికప్ అడిగిన ముసలివాణ్ణి చూసి అక్కడి కుర్రవాడు జాలిపడి టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే వేళ, ముందుకు జరిపాడు.

ఆ సాయంత్రం మా కొబ్బరిచెట్టు కింద జరిగిన తంతు మీరు టాంకులో ఉండి చూడలేదు కాబట్టి రాస్తున్నాను. మేస్త్రీ మొదట టైమింగ్ జోలికి పోలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కరెంటును కలిపి తెంచే పాయింట్లు మసిబారితే గీకి, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చి సందు 0.4 మిల్లీమీటరుకు తెచ్చాడు. ఆ సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది, అందుకని ఇది ముందు. తర్వాత టైమింగ్‌ను తనంతట తానే మార్చే వాక్యూం గొట్టం ఊడదీసి, దాని నోట్లో మేకు కొట్టి, పుల్లీ మీది గుర్తుకు సుద్దముక్క రాశాడు. మొదటి ప్లగ్గు వైరుకు లైటు తగిలించి ఇంజను నడిపించాడు. ప్లగ్గు వెలిగినప్పుడల్లా లైటు మెరుస్తుంది. గిర్రున తిరుగుతున్న పుల్లీ ఆ మెరుపుల్లో నిలబడిపోయినట్టు, సుద్ద గీత గాలిలో వేలాడినట్టు కనిపించింది. గీత ఉండవలసిన చోటుకు బెత్తెడు దూరాన ఉందని నేనంటే, అంత లేదు, వేలెడేనని మేస్త్రీ సవరించాడు.

పిస్టన్ పైకొసకు చేరే ముందే నిప్పు పడాలి, ఎందుకంటే మంట పాకడానికి సమయం పడుతుంది. ఎంత ముందు అన్నదాంట్లోనే విద్య అంతా ఉంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50, అంటే చుట్టులో ఒక్క డిగ్రీ తిరగడానికి సెకనులో 18 వేలవ వంతు. (నేను నోటిలెక్కే చేశాను.) మేస్త్రీ నట్టు వదులు చేసి, లోపల రోటర్ తిరిగే వైపుకే డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పాడు. నిప్పు ఆలస్యమైంది, గీత వచ్చి గుర్తు ఎదుట నిలిచింది. మరీ వెనక్కి తిప్పినా ప్రమాదమేనట. బండి మందగించి, వేడెక్కి, మైలేజీ పోతుంది. మా నాన్నగారికి మాత్రం ముందు తిప్పడమే ప్రమాదమైంది. హ్యాండిల్ కొట్టి బండి లేపే రోజుల్లో టైమింగ్ ముందుకు పోయి, హ్యాండిల్ ఎదురుతిరిగి మణికట్టు వాచింది.

మీరు అయిపోయేదాకా ఆగి మామూలు పెట్రోలు పోయించాను. వెనక సీట్లో ముగ్గురు బంధువులనూ, డిక్కీలో రెండు బియ్యం బస్తాలనూ వేసుకుని, అద్దాలు దించి, చించినాడ వంతెన ఎక్కించాను. వెనక సీట్లో మా బావగారి గొంతు తప్ప మరే చప్పుడూ లేదు.

ఇంకో కబురు కూడా వినండి. ఆ మామూలు పెట్రోలులోనే ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. చెరకు మొలాసిస్ నుంచీ, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ తీస్తారు. దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. మేము కోళ్ళకు వేసే నూకలకు మీకన్నా ఎక్కువ మార్కులన్నమాట! అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోను. లీటరుకు శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, పైగా నా బండి పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బిపోతే మార్పించవలసి వచ్చింది.

మా అల్లుడి కారు సంగతి వేరు. చిన్న టర్బో ఇంజను, నాకింగ్ వినే సెన్సరు ఉన్నాయి. చప్పుడు మొదలవగానే దాని కంప్యూటరే టైమింగ్ వెనక్కి లాగుతుంది, మీలాంటివారు వస్తే కొంత ముందుకు తోస్తుంది. కంపెనీ పుస్తకంలో ఉంటే అక్కడ మీకు పీట వేయవచ్చు. నా బండిలో ఆ సెన్సరు పని మేస్త్రీ చెవి చేస్తోంది.

సంక్రాంతికి అల్లుడు మళ్ళీ వస్తున్నాడు. కారు తాళాలు బీరువాలో పెట్టాను. అరిసెలు, పూతరేకులు ఎన్నయినా పెడతాం. మీరు తప్పక రావాలనుకుంటే అతని టాంకులో, అతని ఖర్చుతో రండి.

ఇట్లు,
తమ రసీదును ఇంకా దాచుకున్న
ఒక మామగారు